రెండు గంటలు, ఒక కొవ్వొత్తి

1987లో మా అమ్మ క్రాస్ స్టిచ్‌లో, అంటే గళ్ళ లెక్కన ఇంటూ గుర్తులు వేసే కుట్టులో, మొదలుపెట్టిన క్రిస్మస్ బొమ్మ పోయిన డిసెంబరులో పూర్తయింది. అమ్మ చేత్తో కుట్టిన గుడ్డ అలాగే ఉంది. పూర్తయింది నేను మిషను మీద కుట్టిన కొత్త గుడ్డ. "మరి దీన్ని పూర్తవడం అంటారా?" అని మా ఇంట్లోనే పేచీ వచ్చింది. బొమ్మ అదే, గళ్ళ లెక్క అదే, చేరాల్సిన ఇల్లూ అదే. నా మటుకు నాకు పూర్తయినట్టే.

అప్పట్లో మేం విశాఖపట్నం జ్ఞానాపురంలో ఉండేవాళ్ళం. నాన్నది రైల్వే ఉద్యోగం. స్టేషన్‌కి అటు పక్క, సెయింట్ పీటర్స్ చర్చి గంట వినపడే దూరంలో రెండు గదుల వాటా మాది. ఇంటావిడని వీధి వీధంతా టీచరమ్మగారనేది. ఏదో మిషన్ స్కూల్లో ఏళ్ళ తరబడి కుట్టుపని నేర్పి రిటైరయ్యారావిడ. రిటైరయ్యారన్న మాటే గానీ నేర్పడం మానలేదు. మధ్యాహ్నం నిద్రపోయే అలవాటు లేని మనిషి. భోజనాలయ్యాక వరండాలో చాప పరిచారంటే చుట్టుపక్కల ఆడపిల్లలందరం చేరిపోయేవాళ్ళం. ఫీజూ గీజూ లేదు. గోళ్ళు తీసుకుని, చేతులు సబ్బుతో కడుక్కుని రావాలి, అంతే.

ఆ చేతులు కడుక్కోవడం ఎందుకో ఆ పక్క కాపురం ఉన్నవాళ్ళకి చెప్పక్కర్లేదు. పోర్టు నుంచి వచ్చే నల్ల పొడి ఎప్పుడూ రాలుతూనే ఉంటుంది. పొద్దున్న కడిగిన అరుగు మీద సాయంత్రం కాలు పెడితే పాదం నల్లబడేది. ఆరేసిన పంచెలు రెండోసారి దులిపి గానీ లోపలికి తెచ్చేవాళ్ళు కాదు. అలాంటి చోట గళ్ళు గళ్ళుగా నేసిన తెల్లటి మ్యాటీ గుడ్డ మీద నెలల తరబడి సాగే కుట్టుపని! టీచరమ్మగారు గుడ్డని పాత దిండు గలీబులో పెట్టించేవారు. ఇవాళ కుట్టాల్సిన భాగం మటుకే బయటికి తీసి, గుడ్డని బిగువుగా పట్టి ఉంచే రింగు బిగించాలి. కుట్టడం అవగానే మళ్ళీ గలీబులోకి.

ఆవిడ నియమాలు నాకిప్పటికీ నోటికొచ్చు. ఆరు పోగుల దారంలోంచి రెండు పోగులే లాగాలి. మూర కన్నా పొడుగు తీస్తే దారం నలుగుతుంది. ముడి వెయ్యకూడదు, వేస్తే ఇస్త్రీ చేసినప్పుడు పైకి బొడిపె తేలుతుంది. దారం కొసని వెనక కుట్ల కిందే దూర్చి దాచాలి. అన్నిటికన్నా ముఖ్యం, ఇంటూ గుర్తులో పై కాలు. గుడ్డ మొత్తం మీద ఎన్ని వేల ఇంటూలున్నా పై కాలు ఒకే వైపుకి వాలాలి. ఒక్కటి అటు వాలినా వెలుతురు దాని మీద వేరేగా పడి, ఎంత దూరం నుంచైనా పట్టుబడిపోతుంది. కుట్టింది చూపిస్తే ఆవిడ అసలు ముందువైపు చూసేవారే కాదు. "ముందు వైపు ఎవరైనా బాగుందంటారు. తిప్పు, చూద్దాం" అనేవారు. వెనక దారాలు ఒక చోటి నుంచి ఇంకో చోటికి అడ్డదిడ్డంగా దూకి ఉంటే ఆ మధ్యాహ్నం కుట్టిందంతా విప్పాల్సిందే.

అమ్మ శిష్యురాలేం కాదు. బియ్యం ఏరుకుంటూ గడప మీద కూర్చునేది. చూసీ చూసీ తనూ సూది పట్టింది. దానికో కారణముంది. క్రిస్మస్ ముందు రోజు రాత్రి టీచరమ్మగారింటి నుంచి మాకు కేకు పళ్ళెం వచ్చేది. మూడు వారాలు తిరిగేసరికి సంక్రాంతికి అదే పళ్ళెంలో మా అరిసెలు వెళ్ళేవి. ఖాళీ పళ్ళెం అటు వెళ్ళిందీ లేదు, ఇటు వచ్చిందీ లేదు. "తినేసేవి కాకుండా ఆవిడ గోడ మీద ఉండిపోయేది ఒకటివ్వాలి" అని అమ్మకి పట్టింది. టీచరమ్మగారి దగ్గరున్న గళ్ళ బొమ్మల చార్టుల్లోంచి, ఎవరికో చెప్పకుండా, ఒకటి అడిగి తీసుకుంది. ఎవరికోసమో ఆవిడకి తెలియకుండా ఉంటుందా! ఏమీ తెలియనట్టే ఇచ్చారు.

ఏదో విదేశీ పత్రికలోంచి చింపిన కాగితం అది. అడ్డంగా 80 గళ్ళు, నిలువుగా 120. పైన నక్షత్రం, దాని కింద రిబ్బను కట్టిన రెండు గంటలు, నడుమ కొవ్వొత్తి, అడుగున ముళ్ళ ఆకులూ ఎర్రటి పళ్ళూ. ఆ ఆకు హోలీ అని, ఆ దేశాల్లో క్రిస్మస్‌కి గుమ్మాలకి కడతారని టీచరమ్మగారు చెప్పినా, మా పిల్లలందరికీ అవి రేగిపళ్ళే. సంక్రాంతి ముందు వచ్చే పండే కదా, బొమ్మలో వేశారని సమాధానపడిపోయాం. ఇంకో చార్టులో మంచు కప్పిన ఇల్లు ఉండేది. దాన్ని ఎవరం ముట్టుకోలేదు. డిసెంబరులో రాత్రిపూట ఫ్యాను ఆపేస్తే అదే మాకు చలికాలం, ఆ తెల్లదనమంతా కుట్టడానికి ఓపికెవరికి?

చార్టు పక్కన రంగుల నంబర్లు డీఎంసీ అనే దారాల కంపెనీవి. ఎరుపు 321, ఆకుపచ్చ 699. పూర్ణా మార్కెట్లో దొరికేవి యాంకర్ లచ్చులు, వాటి నంబర్లు వేరు. నలుపు అక్కడ 310 అయితే ఇక్కడ 403. ఏది దేనికి సరిపోతుందో టీచరమ్మగారు తన నోట్సు పుస్తకం ఆఖరి పేజీలో ఎర్ర సిరాతో రాసి పెట్టుకున్నారు. అమ్మ ఆ చీటీ పట్టుకుని నాన్నని పంపింది. నాన్న అన్నీ సరిగ్గానే తెచ్చారు. ఎరుపు మాత్రం ఒక లచ్చి చాల్లేదు. రెండోసారి వీధి చివర కొట్లో పేరూ ఊరూ లేని చవక లచ్చి ఒకటి కొనుక్కొచ్చింది అమ్మే. ఎనిమిది మీటర్ల దారం ఎంతకని వస్తుంది!

నక్షత్రం, రెండు గంటలు, సగం పళ్ళు అయ్యాయి. ఇంతలో నాన్నకి క్వార్టర్స్ వచ్చాయి, ఇల్లు మారాం. తమ్ముడు పుట్టాడు. తర్వాత అమ్మకి కళ్ళజోడు వచ్చింది. గలీబుతో సహా ఆ గుడ్డ సూట్‌కేసులోకి వెళ్ళిపోయింది. ప్రతి ఇంట్లోనూ ఇలాంటి గుడ్డ ఒకటి ఉంటుంది కాబట్టి ఈ భాగం సాగదీయను.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు మేం ఎంవీపీ కాలనీలో ఉన్నాం. గంటకి 180 కిలోమీటర్ల గాలికి కిటికీ అద్దాలు పగిలి వాన అడ్డంగా గదిలోకి కొట్టింది. రోజుల తరబడి కరెంటు లేదు, నీళ్ళు లేవు. వీధిలో చెట్టన్నది నిలబడి లేదు. మంచం కిందున్న సూట్‌కేసు సంగతి ఎవరికి గుర్తుంటుంది? వారం పోయాక తెరిస్తే యాంకర్ రంగులన్నీ అలాగే ఉన్నాయి, ఆ చవక ఎరుపు మాత్రం కరిగి గంటల మీదికంతా గులాబీ రంగు పాకేసింది. అమ్మ ఉప్పునీళ్ళలో నానబెట్టింది, నిమ్మరసం పట్టించింది, ఎండలో పడేసింది. రంగు కొంచెం తేలిపోయింది గానీ పోలేదు. టీచరమ్మగారు అప్పటికే లేరు. "ఇంకెవరికి లే" అంటూనే మళ్ళీ మడత పెట్టింది. పారెయ్యలేదు, గమనించండి.

నాకు మిషను ఎంబ్రాయిడరీ తిండి పెట్టే పని. బ్లౌజు చేతుల మీద నెమళ్ళు, పట్టు లంగాల అంచులకి మామిడి పిందెలు, పిల్లల గౌన్ల మీద పేర్లు. కంప్యూటర్ మిషను కొన్నాక పని పెరిగింది. క్రాస్ స్టిచ్ జోలికి మాత్రం ఎప్పుడూ పోలేదు. అది చేతిపనే, మిషనుకి ఇస్తే నకిలీ అవుతుందని ఏదో మొండితనం. పోయిన ఏడాది ఒక చీర పని కోసం క్రాస్ స్టిచ్ సాఫ్ట్‌వేర్ తెరవాల్సి వచ్చింది. తీరా చూస్తే అందులో ఉన్నదంతా టీచరమ్మగారి గళ్ళ కాగితమే. ఒక్కో గడి మీద నొక్కితే ఒక్కో ఇంటూ పడుతుంది. ఫొటో ఇస్తే దానంతటదే క్రాస్ స్టిచ్ చేసిపెట్టే మీట కూడా ఉందిగానీ, అది నాకు గిట్టదు. బుగ్గ మీదే పన్నెండు రకాల గోధుమరంగు గళ్ళు చల్లి పెడుతుంది, బొమ్మకి గీత అన్నది మిగలదు. అమ్మ గుడ్డ బల్ల మీద పరిచి, కుట్టినంత మేర గుడ్డని చూసి, కుట్టని మేర పాత చార్టు చూసి, గడి గడీ నేనే నొక్కాను.

చేత్తో కుట్టేవాళ్ళకీ మిషనుకీ తేడా దారి దగ్గర వస్తుంది. చేత్తో అయితే వరసంతా ముందు ఒక వైపు కాళ్ళు వేసుకుంటూ పోయి, తిరుగుదారిలో రెండో కాలు వేస్తాం. మిషను సూది అలా తీరిగ్గా నడవదు. ఒక ఇంటూ ముగిశాక పక్క గడికి వెళ్ళడానికి అది ఎక్కడో చోట గుచ్చుకుంటూనే వెళ్ళాలి. ఆ నడక కుట్లన్నీ ఇంటూల కిందే దాక్కోవాలి. ఫైలు సరిగ్గా రాయకపోతే దారం గడి నుంచి గడికి పైన గెంతుతుంది, తర్వాత కత్తెర పట్టుకుని కూర్చోవాలి. పై కాలు నియమం ఇక్కడ ఇంకా గట్టిది. రేయాన్ దారం అయినా, పాలిస్టర్ అయినా నూలు కన్నా బాగా మెరుస్తుంది. నేను పాలిస్టరే ఎంచుకున్నాను. ఎరుపు కరగకూడదు, మళ్ళీ ఇంకో తుఫాను రాదని ఎవరు చెప్పొచ్చారు?

గడికి 2 మిల్లీమీటర్లు పెట్టాను. అంటే బొమ్మ 160 అడ్డం, 240 నిలువు. నా పెద్ద రింగు 130కి 180. రింగుని అడ్డంగా వాడితే వెడల్పు పడుతుంది, ఎత్తు పట్టదు. రెండు విడతలుగా కుట్టాలి. పూల డిజైన్ అయితే రెండు విడతల మధ్య మిల్లీమీటరు తేడా వచ్చినా ఆకు కింద కలిసిపోతుంది. క్రాస్ స్టిచ్‌లో మిల్లీమీటరంటే సగం గడి. చూసినవాళ్ళ కన్ను సరాసరి అక్కడికే పోతుంది. అందుకని బొమ్మని ఎక్కడ కొయ్యాలో చాలా సేపు చూశాను. గంటలు అయిపోయి, ఆకులు ఇంకా మొదలవని చోట, 58వ వరస దగ్గర, కొవ్వొత్తి ఒక్కటే ఉంది. పది గళ్ళ వెడల్పు. అతుకు పడితే అక్కడే పడాలి.

కాటన్ గుడ్డ కింద దన్నుగా కట్‌అవే పేపరు (కుట్టాక చుట్టూ కత్తిరించేది) వేసి, 75 నంబరు సూది పెట్టి, వేగం నిమిషానికి 400 కుట్లకి తగ్గించాను. మామూలుగా అంత నెమ్మదిగా నడపను. గుర్తులు పెట్టడానికి ఊదారంగు పెన్ను వాడలేదు. గాలికి దానంతటదే చెరిగిపోయే సిరా అది, మన విశాఖ తేమకి ఇంకా తొందరగా పోతుంది. మొదటి విడత అయ్యేలోపు గీత ఉండదు. నీళ్ళతో పోయే నీలం పెన్నుతో అడ్డగీత, నిలువుగీత గీశాను. ఈ పెన్నుతో ఒకటే జాగ్రత్త, గీత కడక్కుండా ఇస్త్రీ పెట్టకూడదు, వేడికి అక్కడే పాతుకుపోతుంది. ఉప్పుగాలి ఊరిలో ఇలాంటివి బోలెడు. సూదులు పౌడరు రాసిన గుడ్డలో గుచ్చి డబ్బాలో పెట్టుకోకపోతే తుప్పు. కుట్టేటప్పుడు గుడ్డ మీద పరిచే, నీళ్ళలో కరిగే ఫిల్ము మూత లేకుండా వదిలేస్తే రెండు రోజుల్లో మెత్తబడి వేళ్ళకి అంటుకుంటుంది.

రెండో విడత రింగు బిగించేటప్పుడు అమ్మని పక్కన కూర్చోబెట్టుకున్నాను. శుక్లాల ఆపరేషన్ అయ్యాక ఆవిడ చూపు నా కన్నా నయం. కొవ్వొత్తి అడుగు భాగాన్ని కాగితం మీద అసలు సైజులో ముద్రించి, గుడ్డ మీద పైభాగానికి ఆనించి గుండుసూదులు పెట్టాను. రింగు మిషనుకి తగిలించి, చేతిచక్రం తిప్పుతూ సూదిని మెల్లగా దించాను. సూది మొన కొవ్వొత్తి ఎడమ అంచున, ఆఖరి ఇంటూ కింది కాలు దిగిన రంధ్రంలోనే దిగాలి. "కుడికి," అంది అమ్మ. బాణం నొక్కాను. "ఇంకాస్త. ఆగు. ఇప్పుడు కిందకి." మళ్ళీ చక్రం. తర్వాత కుడి అంచున కూడా అదే పరీక్ష. గుడ్డ రవ్వంత మెలి తిరిగి ఉన్నా ఎడమ కలిసినచోట కుడి కలవదు. కుడి అంచున మొన దారాన్ని రాసుకుంటూ దిగింది. అమ్మ ముక్కు మీద కళ్ళజోడు సర్దుకుని, "కానీ" అంది.

మీట నొక్కాక ఇద్దరం చెయ్యడానికి ఏమీ లేదు. రంగు మారినప్పుడల్లా రీలు మార్చడం, బాబిన్ అయిపోతే పెట్టడం. మొదటి విడతలోనూ అంతే, అమ్మ నెలల పాటు కుట్టిన గంట ఆవిడ కాఫీ తాగేలోపు లేచింది. అప్పుడు నేను కంగారుగా ఆవిడ మొహంలోకి చూశాను. నొచ్చుకుంటుందేమోనని నా భయం. ఆవిడకి ఆ బాధేమీ లేదు. "గొళ్ళెం దగ్గర ఒక గడి తక్కువేశావేమో చూడు" అని చార్టు తిరగేసింది. తక్కువ వెయ్యలేదు, చార్టులోనే అంతే.

రింగు విప్పగానే ఆవిడ చేసిన మొదటి పని గుడ్డని తిప్పడం. వెనకంతా తెలుపు. మిషనులో కింది దారం బాబిన్‌ది, పైన ఏ రంగు నడిచినా వెనక ఎక్కువగా కనబడేది ఆ తెల్ల దారమే. పై రంగు అంచుల్లో చిన్న చుక్కలుగా తొంగిచూస్తుంది. గంటలు ఎక్కడో, ఆకులు ఎక్కడో వెనక నుంచి చెప్పడం కష్టం. "దీన్ని టీచరమ్మగారు ఏం దిద్దుతారే?" అని అమ్మ పకపకా నవ్వింది. తర్వాత తన పాత గుడ్డ వెనకవైపు పక్కన పెట్టి చూసుకుంది. రంగు కారినా, వెనక కుట్లు ఇప్పటికీ నిలువుగా, బుద్ధిగా ఉన్నాయి.

కుట్టు ఒక పూటలో అయిందని చెప్తే అందరూ ఆశ్చర్యపోతారు. ముగింపుకి రోజులు పట్టిందంటే ఎవరూ నమ్మరు. మిషను చేసేది ఎప్పుడూ నడిమి పనే. మిగిలిన దారప్పోగులు వంపు కత్తెరతో కుట్టు తెగకుండా కత్తిరించాలి. వెనక పేపరు చుట్టూ అర అంగుళం వదిలి కొయ్యాలి. నీలం గీతలు చన్నీళ్ళతో కడిగి నీడలో ఆరెయ్యాలి. మందపాటి తువ్వాలు మీద బొమ్మ బోర్లా పరిచి వెనక నుంచి ఇస్త్రీ. ముందు నుంచి చేస్తే ఇంటూలు అణిగి చదునైపోతాయి. తర్వాత లైనింగు, నాలుగు మూలలూ ఏటవాలుగా మడిచి కుట్టడం, పైన కర్ర దూర్చడానికి గొట్టం. కింద అంచుకి మువ్వలు కావాలంది అమ్మ. అవి దొరకడానికి పూర్ణా మార్కెట్ చుట్టుపక్కల కొట్లన్నీ తిరిగాం. ఇత్తడివే కావాలి, బంగారు పూత ప్లాస్టిక్‌వి వద్దు. మువ్వలు ఆవిడే చేత్తో కుట్టింది, ముడి వెయ్యకుండా.

అసలు తగువు సంవత్సరం దగ్గర వచ్చింది. మూలన సంవత్సరం కుట్టడం టీచరమ్మగారి పద్ధతి. పూర్తయిన ఏడాది వెయ్యాలని నేను. తమ్ముడు ఫోన్లో, రెండూ వేసి మధ్యలో గీత పెట్టమన్నాడు. అలా పెడితే సమాధి మీద రాతలా ఉంటుందని అమ్మ వాణ్ణి కసిరింది. "మొదలెట్టింది వెయ్యి చాలు. పూర్తయిందని చూస్తే తెలియదా?" అంది. 1987 అనే కుట్టాను. నాలుగు అంకెలు, ఆకుపచ్చ దారం.

డిసెంబరు 24 సాయంత్రం జ్ఞానాపురం వెళ్ళాం. కాన్వెంట్ జంక్షన్ నుంచి లోపలికి ఆటో కదలడమే కష్టమైంది, అంత జనం. ఇళ్ళ ముందు నక్షత్రాలు ఇప్పుడు ఎల్‌ఈడీవి. వరండాకి గ్రిల్లు వచ్చింది. టీచరమ్మగారి కోడలు, నేను వదినా అని పిలుస్తాను, పొట్లం విప్పి ముందు గంటల మీద చెయ్యి వేసి చూసింది, ఆ వెంటనే గుడ్డని వెనక్కి తిప్పింది. అమ్మా నేనూ ఒకరి మొహాలొకరం చూసుకున్నాం. "మా అత్తయ్య దగ్గర నేర్చుకున్న రోగమే పిన్నిగారూ, పోలేదు" అంది వదిన. లైనింగు వేసేశాం కదా, వెనక చూడ్డానికి ఏమీ లేదు. ఎరుపు కారిన పాత గుడ్డ కూడా అమ్మ సంచిలో పెట్టుకొచ్చింది. వదిన అడిగితే దాన్నీ చూపించింది. ఇద్దరూ దాని వెనకవైపే చాలా సేపు మాట్లాడుకున్నారు. కేకు పళ్ళెంతో తిరిగొచ్చాం.

ఆ పళ్ళెంలో పోయిన సంక్రాంతికి అరిసెలు వెళ్ళిపోయాయి. అమ్మ ఇంతటితో ఆగలేదు. తమ్ముడి కొడుకు గ్రాఫు పుస్తకం లాక్కుని ఈసారి మన పండగ బొమ్మ గీస్తోంది: గొబ్బెమ్మలు, వాటి మీద గుమ్మడిపూలు, పక్కన హరిదాసు. చుక్కల ముగ్గులు వేసినవాళ్ళకి గళ్ళ లెక్క కొత్త కాదు, ఎక్కడా చెరపకుండా పోతోంది. హరిదాసు అక్షయపాత్రతో కలిసి 140 గళ్ళ ఎత్తు వచ్చాడు. రింగులో మూడు విడతలు పడుతుందమ్మా అన్నాను. నీ రింగు కోసం హరిదాసు తల నరకమంటావా అంది. రేపు పొద్దున్నే పూర్ణా మార్కెట్‌కి బయల్దేరాలి. గుమ్మడిపువ్వు పసుపు రీలు ఒక్కటే ఉంది, అది రెండు పూలకి కూడా రాదు.